కమ్యూనిటీ కళాశాలయు, కంప్యూటరు లెక్కల చదువును
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భారతమునుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. భారతమును పూర్తిగా విడువకయే నేడు వేఱొక విషయమును విన్నవింపదలచితిని. అమెరికా వెళ్లిన బిడ్డల ప్రస్తావన వచ్చినపుడు "ఏ యూనివర్సిటీ?" యని యడుగుట మనకు పరిపాటి. "కమ్యూనిటీ కాలేజీ" యని బదులు వచ్చినచో వినువారి మొగము చిన్నబోవును. చెప్పువారి గొంతు అంతకు ముందే తగ్గియుండును. ఈ చిన్నచూపు తగదని నా యభిప్రాయము.

కమ్యూనిటీ కళాశాల యనగా ఒక ప్రాంతపు ప్రజలు ప్రధానముగా తమ పన్నుల సొమ్ముతో నిలుపుకొన్న రెండేండ్ల విద్యాలయము. నేటికిని నడచుచున్న ప్రభుత్వ కళాశాలలలో ఇల్లినాయిస్ రాష్ట్రమున జోలియట్ పట్టణమందు 1901లో నెలకొన్నది మొదటిదని చెప్పుదురు. కాలిఫోర్నియా యొక్కదానియందే యిట్టివి 116 కలవు. ప్రవేశ పరీక్షల వడపోత లేదు. పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడును, మనుమలనెత్తిన వృద్ధుడును ఒకే తరగతిలో కూర్చుందురు. పగలు పనిచేయువారికి సాయంకాలపు తరగతులుండును. రెండేండ్ల చదువు ముగించి "అసోసియేట్" పట్టము పొందవచ్చును, లేదా విశ్వవిద్యాలయమునకు మారి మూడవ యేటి చదువులో చేరవచ్చును. ఏకలవ్యుడు ద్రోణుని వాకిటినుండి మరలవలసివచ్చినది. ఈ వాకిట కులగోత్రముల ప్రశ్నయు లేదు, వయసు ప్రశ్నయు లేదు.

మనవారు పెక్కురు కాపురమున్న కూపర్టినో పట్టణమున 1967లో తెఱచిన డి ఆంజా కళాశాల కలదు. అందు కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అను శాఖ యున్నది. ఈ చదువు చెప్పు కళాశాలలు ఆ దేశమున పలుచోట్ల నున్నవి. మా బంధువర్గములోని కోడలొకతె అట్టి యొకచోట చదివినది. ఆమె బి.కాం. పట్టభద్రురాలు. భర్త వెంట హెచ్-4 వీసాపై వెళ్లినది. 2015కు పూర్వము ఆ వీసాపై ఉద్యోగము చేయ ననుమతి లేదు. ఆ యేటినుండియు కొందఱికి మాత్రమే, అనగా భర్తకు గ్రీన్ కార్డు వ్యవహారము ఒక దశ దాటినవారికి, అనుమతి లభించినది. చదువుకొనుటకు మాత్రము ఎన్నడును అడ్డు లేదు. నేర్చిన విద్య వంటయింట తుప్పు పట్టుచుండెనని ఆమె బాధపడి యా కళాశాలలో చేరినది. తన పాఠములను ఫోనులో నాకు చెప్పుచుండగా నేను విస్తుపోయితిని. అవి నా వృత్తికి సంబంధించిన పాఠములే!

కంప్యూటరును తయారుచేయుట ఈ చదువు కాదు, టైపు కొట్టుటయు కాదు. ఒక బ్యాంకునకో, ఆసుపత్రికో, అంగడికో ఏ వివరము కావలెను, దానిని ఎవరు వ్రాయవలెను, ఎవరు చూడవచ్చును, ఎవరు చూడరాదు అని నిర్ణయించి, దానికి తగినట్లు యంత్రమును నడపుట ఈ విద్య. మన సహకార సంఘమునే తీసికొనుడు. ఒక రైతు పేరు సభ్యుల రిజిస్టరులో ఒక విధముగను, అప్పుల పద్దులో ఇంకొక విధముగను, ఎరువుల పుస్తకములో మఱియొక విధముగను ఉండును. ఆయన కాలము చేసిన పిదప వారసుని పేరు ఒక పుస్తకములో మారును, తక్కినవానిలో మారదు. కొడుకు కాగితములు పట్టుకొని మూడు బల్లల చుట్టును తిరుగును. దీనికి మందును ఐ.బి.ఎం. సంస్థలోని కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో ఒక వ్యాసమున సూచించెను. వివరములన్నియు పట్టికలుగా నుండవలెననియు, ఒక పట్టికకును మఱియొకదానికిని వానిలోని విలువలే లంకెలు కావలెననియు ఆయన మతము. దానిని బట్టి రైతు పేరు ఒక్కచోటనే యుండును. తక్కిన పుస్తకములలో సభ్యత్వ సంఖ్య మాత్రము చాలును. పేరు ఒకచోట దిద్దిన అంతటను దిద్దినట్లే.

ఇంకొక పాఠము మఱింత నచ్చినది. ఒక ఖాతానుండి సొమ్ము తీసి మఱియొక ఖాతాకు వేయునపుడు నడుమ కరెంటు పోయినచో యంత్రము రెండు పద్దులను నిలుపవలెను, లేదా రెంటిని కొట్టివేయవలెను. సగము పని నిలువరాదు. 1494లో వెనిస్ నగరమున అచ్చైన తన గ్రంథమందు పచోలీ అను సన్న్యాసి జమాఖర్చుల జంట పద్దు పద్ధతిని వివరించెను. ఆ పద్ధతి నెఱిగినవానికి ఈ పాఠము క్రొత్తగా తోచదు.

వయసు మీఱినవారికి ఈ చదువేల యనువారికి అరణ్యపర్వములోని నలోపాఖ్యానమును గుర్తుచేసెదను. రాజ్యము పోగొట్టుకొన్న నలుడు ఋతుపర్ణునికి సారథియై పోవుచు, దారిలోని చెట్టు కాయల నాతడు చూచినంతనే లెక్కించి చెప్పగా, రథము నాపి తానును లెక్కించి సరిచూచుకొనెను. పిమ్మట అశ్వవిద్యకు మారుగా ఆ యక్షవిద్యను గ్రహించెను. అప్పటికి నలుడు ఇద్దఱు బిడ్డల తండ్రి.

ఇక వ్యయము మాట. కాలిఫోర్నియాలో ఏడాదికి మించి స్థిరనివాసముగా నున్నవారికి సెమిస్టరు యూనిట్ ఒక్కింటికి 46 డాలర్లు. అసోసియేట్ పట్టమునకు 60 యూనిట్లనుకొన్నచో 2,760 డాలర్లు. పుస్తకములు, బస దీనికి వెలుపల. కాని ఇచటినుండి విద్యార్థి వీసాపై పోవు పిల్లలను నివాసులుగా లెక్కింపరు. వారి రుసుము దీనికి పలురెట్లు. పొలము తాకట్టు పెట్టబోవు తండ్రి ఈ రెండంకెలను ఒకటిగా భ్రమపడరాదు. ఆ పిల్లలు చదువు నడచుచుండగా కళాశాల ఆవరణలో వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదు. ఆ సంపాదనతో అప్పు తీర్చగలమని ఎవరైన చెప్పిన నమ్మకుడు. మఱియు, కంప్యూటర్ సైన్సు శాఖకు మారదలచినవారికి కలన గణితము తప్పదు. ఏ పాఠమును ఏ విశ్వవిద్యాలయము అంగీకరించునో పట్టికలున్నవి. చేరక పూర్వమే వానిని చూడవలెను. చేరినవారిలో నడుమ మానివేయువారు తక్కువ కారు.

మా కోడలు పంపిన పాఠ్య విషయముల జాబితాను నేను తెలుగున నాలుగు కాగితములపై వ్రాసి గ్రంథపాలకునికి అప్పగించితిని. రెండవ బీరువాలో భారత సంపుటముల ప్రక్కన నున్నవి. కావలసినవారు ఇచటనే కూర్చుండి చదువుకొనవచ్చును. ఒక్కటే ప్రతి గనుక ఇంటికి కొనిపోవలదని ప్రార్థన.