దేశాలకు పైనున్న చట్టం



మొన్న మా ఏళాయిరంపన్నైలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "పెద్దమ్మా, సుప్రానేషనల్ లా అంటే ఏమి? అరవంలో చదివినా ఇంగ్లీషులో చదివినా తలకెక్కడం లేదు" అంది. వాళ్ళమ్మా నేనూ అయిదో తరగతిలో ఒకే బెంచీ. సరే, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో చెప్పి చూద్దామని కూర్చోబెట్టాను. కాలేజీలో చేరిన మిగతా పిల్లలకూ పనికొస్తుందని ఆ మాటలే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

సుప్రానేషనల్ లా అంటే దేశాతీత చట్టం. దేశపు సొంత చట్టం కన్నా పైన నిలిచేది. దేశానికి పైన ఇంకెవరుంటారని మీరు అడగవచ్చు. 1799లో కట్టబొమ్మన పక్షాన నిలిచిందని మన పాళెాన్ని కుంపిణీ వాళ్ళు లాగేసుకున్నారు. అది పైవాడు బలంతో వచ్చి మీద పడటం. ఇది అట్లాంటిది కాదు. దేశాలే కూర్చుని, మా అధికారంలో ఇంత భాగం వదులుకుంటున్నామని సంతకాలు పెడితేనే ఇది పుడుతుంది.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు, అగ్గిపెట్టె చాలు. ఇంట్లో అగ్గిపెట్టె అంటాం, గుమ్మం దాటితే తీపెట్టి. వెనకటి రోజుల్లో అగ్గిపుల్లకు తెల్ల భాస్వరం వాడేవారు. ఆ పనిచేసేవాళ్ళకు దవడ ఎముక కుళ్ళిపోయేది. ఏ దేశమైనా ఒంటరిగా దాన్ని మానేస్తే పక్క దేశం చవక సరుకు వచ్చి దాని వ్యాపారాన్ని దెబ్బకొట్టేది. అందువల్ల అందరూ కలిసే మానాలి. 1906లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో కొన్ని దేశాలు తెల్ల భాస్వరాన్ని నిషేధిస్తూ ఒడంబడిక రాసుకున్నాయి. మన దేశంలో 1913లో దానికి చట్టం వచ్చింది. కార్మికుల కోసం పుట్టిన తొలి అంతర్జాతీయ ఒడంబడికల్లో ఒకటి మన అగ్గిపుల్ల గురించేనంటే మా పిల్ల నమ్మలేదు!

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, అదే ఐ.ఎల్.ఓ., ఏర్పడింది. భారతదేశం అందులో మొదటినుంచీ సభ్యురాలు. పనికి కనీస వయసు గురించి ఆ సంస్థ 1973లో 138వ నంబరు ఒడంబడిక చేసింది. బాలలను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని 1999లో 182వది. ఈ రెంటినీ మన దేశం ఆమోదించింది 2017 జూన్ 13న. మొదటిదానికి 44 ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి బాగా పట్టుకోవాలి. ఐ.ఎల్.ఓ. ఒడంబడిక అంతర్జాతీయ చట్టమే గాని, అసలైన అర్థంలో దేశాతీత చట్టం కాదు. దేశం ఆమోదించాలి. ఆపైన మన పార్లమెంటు, రాజ్యాంగం 253వ అధికరణం ఇచ్చిన అధికారంతో, చట్టం చేయాలి. జెనీవా నుంచి ఎవరూ వచ్చి సాత్తూరు రోడ్డులో ఫ్యాక్టరీ తలుపు తట్టరు. ప్రభుత్వం నివేదిక పంపుతుంది, అక్కడి నిపుణులు చదివి ప్రశ్నలు వేస్తారు. అంతే. మన శివకాశి పిల్లల విషయంలో యజమాని ఒక్కో బిడ్డకు 20,000 రూపాయలు కట్టాలని ఆజ్ఞ వేసింది మన సుప్రీం కోర్టే, 1996 డిసెంబరు 10న, ఎం.సి. మెహతా కేసులో.

మరి అసలైన దేశాతీత చట్టం ఎక్కడుంది? ఐరోపా సమాఖ్యలో. ఇటలీ ప్రభుత్వం 1962లో కరెంటు కంపెనీలను జాతీయం చేసింది. కోస్తా అనే వకీలు, ఇది ఐరోపా ఒప్పందానికి విరుద్ధమంటూ కరెంటు బిల్లు కట్టనని భీష్మించాడు. బిల్లు రెండు వేల లీరాలకు లోపే! లీరా అప్పటి ఇటలీ నాణెం. ఆ చిన్న బిల్లు మీద లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానం 1964 జులై 15న ఏమందంటే, సభ్యదేశం తరవాత చేసుకున్న సొంత చట్టం కూడా ఉమ్మడి చట్టాన్ని కొట్టివేయలేదని. అంతకు ముందు ఏడాదే మరో కేసులో, ఉమ్మడి ఒప్పందం ఇచ్చిన హక్కును మామూలు మనిషి కూడా తన దేశపు కోర్టులో అడగవచ్చని అదే న్యాయస్థానం చెప్పింది. తేడా అక్కడుంది. ఎవరు ఫిర్యాదు చేయవచ్చు, ఆఖరి మాట ఎవరిది? చట్టం పేరు ఎంత పెద్దదైనా ఈ రెండే అడగండి.

ఈ సమాఖ్య 2024 నవంబరులో ఇంకో నిబంధన చేసింది. బలవంతపు చాకిరీతో, పిల్లల బలవంతపు చాకిరీతో సహా, తయారైన సరుకును తన 27 దేశాల సంతలోకి రానివ్వదు. అమలు తేదీ 2027 డిసెంబరు 14 అని అందులోనే రాశారు. 27 పార్లమెంట్లూ మళ్ళీ విడివిడిగా చట్టం చేయనక్కరలేదు. సరుకు ఎక్కడ తయారైనా సరే, మన దగ్గరైనా సరే, ఈ నిబంధనే వర్తిస్తుంది. పైకి చూస్తే మంచిదే. కాని ఆ నిబంధన రాసేటప్పుడు ఓటువేసినవాళ్ళలో మనవాళ్ళు ఎవరూ లేరని కూడా నాకు గుర్తొస్తుంది.

మా పిల్ల ఇదంతా నోటు పుస్తకంలో వరసగా రాసుకుంది. రాసుకుని, "అమ్మ ఏ ఏడు బడి మానేసింది పెద్దమ్మా?" అని అడిగింది. 1989 అని చెప్పాను. తెల్లవారకముందే వ్యాను వచ్చేది, బెంచీలో నా పక్క చోటు ఖాళీ అయింది. 1986లోనే అగ్గిపెట్టెల తయారీలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పెట్టకూడదని మన పార్లమెంటు చట్టం చేసింది. కుటుంబం నడిపే పనిశాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. వాళ్ళమ్మ ఎక్కిన వ్యాను ఏ కుటుంబపు పనిశాలకూ పోలేదు.

ఆ అమ్మాయి 1986కు కింద, 1996కు పైన, సన్నటి అక్షరాలతో 1989 అని చేర్చింది. సోమవారం పరీక్షలో ఇది రాయవచ్చా అని అడిగింది. రాయమన్నాను.