సలహా - ఉత్తరువు
(సంఘ సభలో చేసిన ప్రసంగపాఠము)



దినమంతయు ఫైళ్ళ నడుమ గడపు మనకు సలహాకును ఉత్తరువునకును గల భేదము బాగుగా తెలియును. సలహాను త్రోసిపుచ్చవచ్చును, ఉత్తరువును శిరసావహింపవలెను. సలహాయే ఉత్తరువైన కథను నేడు మీకు విన్నవించెదను.

మన జంషెడ్‌పూరునకు ప్రక్కనున్న సరాయికెలాను ఛౌ నృత్యమునకై మన మందరము ఎరుగుదుము. అదియు 1948 వరకు ఆంగ్లేయాధికారుల నీడలో నిలిచిన సంస్థానమే. ఇట్టి ఏర్పాటు మన దేశమునకే పరిమితము కాలేదు. మన తెలుగువారు రబ్బరు తోటల పనికి వలసపోయిన మలయాలో, 1874 నాటి పాంగ్‌కోర్ ఒడంబడిక ప్రకారము, పేరా సుల్తాను ఒక ఆంగ్ల రెసిడెంటును తన కొలువున చేర్చుకొనవలసి వచ్చెను. మతము, ఆచారము తప్ప తక్కిన సమస్త విషయములందును ఆతని సలహా అడుగవలెను, అడిగి అట్లే నడువవలెను. మరుసటి యేడు రెసిడెంటు బర్చి హతుడయ్యెను. 1877లో సుల్తాను అబ్దుల్లాను సెషెల్సు దీవులకు పంపివేసిరి.

ఈ పాఠమును మన హైదరాబాదు అంతకు ముప్పాతిక శతాబ్దము ముందే నేర్చినది. 1798లో నిజాము అలీఖాను ఆంగ్లేయులతో సంధి చేసికొని, తన ఫ్రెంచి పటాలములను రద్దుపరచి, కుంపిణీ సైన్యమును పోషించుటకు ఏటేట ఇరువది నాలుగు లక్షల రూపాయలకు పైగా చెల్లించుటకు ఒప్పుకొనెను. నాటి రెసిడెంటు జేమ్సు కిర్క్‌పాట్రిక్కు. ఆయన పారసీ నేర్చి, మొగలాయి దుస్తులు ధరించి, నిజాముచే హష్మత్ జంగు బిరుదము పొంది, ఖైరున్నీసా అను ఉన్నత వంశజను పరిణయమాడెను. కోఠీలోని రెసిడెన్సీ భవనము ఆయన కట్టించినదే. నేడది మహిళా విశ్వవిద్యాలయమునకు నెలవు.

నిజాము దర్బారును ఇంతగా ప్రేమించిన దొర మరియొకడు లేడేమో! అయినను 1800 సంధి జరిగినది ఆయన చేతి మీదుగనే. ఏటేటి రొక్కమునకు బదులుగా నిజాము మైసూరు యుద్ధములలో తనకు దక్కిన బళ్ళారి, కడప, అనంతపురపు సీమలను కుంపిణీకి శాశ్వతముగా ధారపోసెను. అవియే దత్తమండలములు. నేను ఆ సీమ బిడ్డను. మా పెద్దలు ఆ పేరును పలుకునపుడెల్ల వారి కంఠమున ఏదో వెలితి వినిపించెడిది. 1928లో నంద్యాలలో రాయలసీమ యను పేరు వెలసినపుడు ఆ వెలితి కొంత తీరినది. ఇచ్చినవాడు నిజాము, పుచ్చుకొన్నవాడు ఆంగ్లేయుడు. ఆ నేల దున్నెడి రైతును అడిగినవాడు లేడు.

స్నేహము కిర్క్‌పాట్రిక్కును సైతము కాపాడలేదు. ఆయన వివాహముపై గవర్నరు జనరలు వెల్లస్లీ విచారణ జరిపించెను. 1805లో బిడ్డ లిరువురును ఇంగ్లండునకు పయనమైరి. ఆ యేడే ఆయన కలకత్తాలో గతించెను. ఆ తల్లి మరల బిడ్డలను చూడనే లేదు.

తరువాతి కథ అంతయు బాకీల కథ. ఆంగ్లాధికారులు నడపిన కంటింజెంటు సైన్యపు జీతములకై 1853లో బీరారు పరాధీనమయ్యెను. 1902లో కర్జను దానిని ఏటికి 25 లక్షలకు శాశ్వతపు కౌలుగా మార్చెను. ఉస్మాన్ అలీఖాను దానిని తిరిగి కోరి, తాను ఆంగ్ల ప్రభుత్వముతో సమానుడనని వాదింపగా, 1926లో వైస్రాయి రీడింగు ఏ సంస్థానాధీశుడును సమాన హోదాతో ప్రభుత్వముతో సంప్రతింపజాలడని స్పష్టముగా వ్రాసెను. నూట ఇరువది యెనిమిదేండ్ల పాటు మిత్రుడనిపించుకొన్న వానికి అప్పుడు దక్కిన జవాబు అది!

సోదరులారా, కిర్క్‌పాట్రిక్కు దుష్టుడు కాడు. అందుచేతనే ఈ కథ మనకు పనికివచ్చును. మంచివాడు సైతము బల్లకు ఇవతల కూర్చుండి, సలహా పేర ఒక సీమ తలవ్రాతను మార్చగలడు. మనమును నిత్యము సలహాలు వ్రాయుదుము. వ్రాయునపుడు ఆ కాగితము క్రింద ఎవరి ఊరున్నదో, ఎవరి పొలమున్నదో ఒక్క క్షణము తలపోసినచో, నాటి దత్తమండలముల రైతునకు మన ఋణము కొంతయైనను తీరును.