పట్టా మన పేరిట, ఇంటి బలం ఎవరి లెక్క?

(వల్లూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమాజశాస్త్రం చదివిన మనిషి ఉక్కు చట్రాల గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. 2020 డిసెంబరు 25న మన రాష్ట్రంలో ఇళ్లస్థలాల పంపిణీ మొదలైనప్పుడు పట్టాలు స్త్రీల పేరిటే ఇచ్చారు. మంచిదే. కానీ ఆ స్థలంలో ఇల్లు ఏ పద్ధతిలో లేస్తుందో నిర్ణయించే చోట స్త్రీలు లేరు. అందుకే ఈ మాట.

కొత్త పద్ధతులు వస్తున్నాయి. పలుచటి ఉక్కు రేకును మడిచి, స్క్రూలతో చట్రంగా బిగించి, పైన పలకలు కొట్టేవి ఒక రకం. ఫ్యాక్టరీలోనే గదులు తయారుచేసి, లారీలో తెచ్చి ఒకదానిపై ఒకటి పేర్చే మాడ్యులర్ ఇళ్లు ఇంకో రకం. కేంద్ర ప్రభుత్వం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో లైట్ హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసింది. అగర్తలాకు తేలికపాటి ఉక్కు చట్రాన్ని, రాంచీకి కాంక్రీటు గదుల పద్ధతిని ఎంచుకుంది. ఉక్కు చట్రం ఇల్లు త్వరగా పూర్తవుతుంది. బరువు తక్కువ గనుక భూకంపం తాకిడీ తక్కువే.

అయినా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఒక భాగం పోతే తక్కినది నిలుస్తుందా?

ఇది మనకు తెలియని ప్రశ్న కాదు. మట్టిమిద్దెలో ఒక దంతె విరిగితే పక్క దంతెలు కొంతసేపు మోస్తాయి. ఆలోగా కింద గుంజ పోటు పెడతాం. ఇంజనీర్లు పటిష్టత అనేది దీన్నే.

అది లేకపోతే ఏమవుతుందో 1968 మే 16న లండన్‌లో తెలిసింది. రోనన్ పాయింట్ 22 అంతస్తుల భవనం, ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలు పేర్చి కట్టింది. జనం చేరి రెండు నెలలే అయింది. తెల్లవారుజామున 18వ అంతస్తులో ఒకామె టీ కోసం స్టవ్ వెలిగించింది. గ్యాస్ పేలి గోడపలకలు బయటికి పోయాయి. వాటిమీద ఆనుకున్న పై అంతస్తులు కూలాయి. ఆ బరువుకు కిందివీ కూలాయి. నలుగురు చనిపోయారు. స్టవ్ వెలిగించినామె బతికింది.

ఇలాంటప్పుడు మొదటి వేలు పొయ్యి దగ్గరున్న ఆడదాని వైపే చూపిస్తుంది లోకం. విచారణ మాత్రం లోపం భవన నిర్మాణంలో, దాన్ని అనుమతించిన నియమాల్లో ఉందని తేల్చింది. బ్రిటన్ 1970లో నియమాలు మార్చింది. 1986లో భవనాన్ని విప్పితే కొన్ని అతుకుల్లో సిమెంటు ఉండాల్సిన చోట వార్తాపత్రికల కాగితాలు కనిపించాయి.

తేలిక ఇళ్లకు ఈ పాఠం మరీ ముఖ్యం. పేర్చిన గదులను ఒకదానితో ఒకటి అడ్డంగా, నిలువుగా కట్టివేయాలి. ఒక మూల ఆధారం పోయినా పక్క గదులు పట్టి ఉంచాలి. ఒక్క అంతస్తు ఇల్లయినా పెద్దగాలికి లేవకుండా కప్పు నుంచి పునాది దాకా బిగింపు ఉండాలి. గోడలోపలి ఏటవాలు ఉక్కు పట్టీ పైకి కనిపించదు. కిటికీ కోసమో అలమర కోసమో దాన్ని కోసేస్తే గోడ బలం పోతుంది. ఆ తప్పు తెలియక కోసినామెది కాదు, పటం చేతికివ్వనివాళ్లది.

కాబట్టి గ్రామసభలో మూడు అడుగుదాం. ముట్టకూడని గోడలు గుర్తుపెట్టిన ఇంటి పటం తెలుగులో కావాలి. పలకలు మూసేముందు అతుకులు మాకు చూపించాలి. పైన ఇంకో గది వేసుకోవచ్చో లేదో రాసివ్వాలి.

పట్టా మీద పేరున్న మనిషికి ఇవి అడిగే హక్కుంది.