చట్రం లేని జీను

గుర్రపు జీనులో తోలు కింద కనిపించని చట్రం ఒకటుంటుంది. పూర్వం కర్రతో చేసేవారు, ఇప్పుడు ఫైబర్‌గ్లాస్, ప్లాస్టిక్ కూడా వాడుతున్నారు. రౌతు బరువు గుర్రం వెన్నుపూస మీద పడకుండా అటూ ఇటూ పంచడమే దాని పని.

ఆ చట్రమే తీసేస్తే? మొదట తెలిసేది తొడలకు. జీను వెడల్పుగా పరుచుకుని తుంటి దగ్గర లాగినట్టుంటుంది. సన్నపాటి గుర్రమైతే ఆ బాధ తక్కువ. కానీ వీపు కదలిక ప్రతిదీ కూర్చున్నచోటికే అందుతుంది. 160 కిలోమీటర్ల స్వారీ పోటీలకు వెళ్లేవాళ్లలో కొందరు దీన్ని ఇష్టపడేది అందుకే.

చిక్కల్లా రికాబులతోనే. వాటి మీద లేచి నిలబడితే బరువంతా పట్టీల దగ్గర ఒక్కచోటే నొక్కుతుంది. నేలమీంచి ఎక్కబోతే జీను పక్కకు జారనూవచ్చు. ఎత్తుపీట వేసుకుని ఎక్కండి, జీను కింద నడుమ గాడి ఉన్న మందపాటి మెత్త వేయండి.