పర్చీ నుంచి బిల్లు దాకా: ఎదిగే చిన్న కార్ఖానాకు ఏం కావాలి?



దళిత పారిశ్రామికవేత్తల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతాం. పెట్టుబడి ఎక్కడిది? ఎంత సంపాదించారు? ఈ రెండింటి మధ్య ఉండేది నిర్వహణ. వ్యాపారం పెరిగేకొద్దీ దాని నిర్వహణ అవసరాలు మారతాయి. ఆ మార్పును కులం ఎవరికి సులువు చేస్తుంది, ఎవరికి అడ్డుపడుతుంది అన్నది నా ప్రశ్న.

ఆగ్రా బూట్ల పరిశ్రమనే తీసుకుందాం. తరతరాలుగా అక్కడ బూట్లు కుట్టేవారిలో ఎక్కువమంది జాటవ్‌లు. టోకు వ్యాపారులు ఎక్కువగా ఇతర కులాలవారు. ఇంట్లో ఒక గదే కార్ఖానా అయినప్పుడు యజమానే తోలు కోస్తాడు, కుడతాడు, సరుకు మోసుకెళ్లి హింగ్ కీ మండీలో అమ్ముతాడు. లెక్క తలలోనే ఉంటుంది. ఆ దశకు అది చాలు.

పదిమంది పనివాళ్లు చేరాక చాలదు. తోలు ముందే కొనాలి, కూలి ఆపకుండా ఇవ్వాలి. నాణ్యత చూసే మేస్త్రీ, లెక్క రాసే గుమస్తా, ఆర్డర్లు తెచ్చే మనిషి విడివిడిగా కావాలి. చట్టాలూ అప్పుడే వస్తాయి: 10 మంది ఉంటే ఈఎస్ఐ, 20 మంది ఉంటే ప్రావిడెంట్ ఫండ్.

యజమాని పనులు ఇతరులకు అప్పగించాలని మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతాయి. ఎవరికి అప్పగించాలి? వ్యాపార కులాల ఇళ్లలో లెక్కలు చూసే బావమరిది, అరువిచ్చే మేనమామ, మార్కెట్ తెలిసిన పెదనాన్న ఉంటారు. జీతం అడగని ఆఫీసు అది. మొదటి తరం దళిత యజమాని ఆ ఆఫీసు మొత్తాన్ని డబ్బిచ్చి పెట్టుకోవాలి.

ఆ డబ్బేమో పర్చీలో ఇరుక్కుని ఉంటుంది. సరుకు తీసుకున్న వ్యాపారి నగదుకు బదులు కొన్ని నెలల తర్వాత చెల్లే చీటీ రాసిస్తాడు. అంతకాలం ఆగలేని కార్ఖానాదారు దాన్ని తక్కువకు మార్చుకుంటాడు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొనుగోలుదారు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. కానీ ఆ హక్కు అడగాలంటే రిజిస్ట్రేషన్, బిల్లు, ఖాతా పుస్తకం ఉండాలి. అడిగాక అదే వ్యాపారి మళ్లీ సరుకు కొనాలి కదా!

2016లో వచ్చిన స్టాండప్ ఇండియా పథకం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణం అన్నది. అయితే అది కొత్తగా పెట్టే యూనిట్లకే. ఐదుగురితో నడుస్తూ ఇరవైమందికి చేరాలనుకునే కార్ఖానా దాని లెక్కలోకి రాలేదు.

మనవైపు కూడా ఒకసారి చూసుకోవాలి. పర్చీతో నలిగిన యజమాని "మనవాడే కదా" అంటూ తన పనివాడి కూలి ఆపితే, అదే అన్యాయం ఒక మెట్టు కిందికి దిగినట్టు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. ఆయన పేరు చెప్పుకునే కార్ఖానాలో హాజరు పట్టీ, రాతపూర్వక వేతనం మొదటి రోజు నుంచే ఉండాలి.

కాబట్టి నడుస్తున్న యూనిట్లకు నిర్వహణ పెట్టుబడి కావాలి. పదీ ఇరవై కార్ఖానాలు కలిసి పెట్టుకునే ఉమ్మడి గుమస్తా కావాలి. పర్చీ స్థానంలో బిల్లు రావాలి.

పరిశోధక మిత్రులకు ఒక మాట. ఎన్ని దళిత యూనిట్లు తెరుచుకున్నాయో ఇప్పటికే లెక్కిస్తున్నాం. ఐదుగురి దగ్గర ఎన్ని ఆగిపోయాయో, ఏ కాగితం లేక, ఏ మనిషి లేక ఆగాయో కూడా లెక్క తీద్దాం.

జై భీమ్.