కమిటీ కుర్చీలో ఎవరు?

(మండల కేంద్రంలో కార్యకర్తల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన వాడలకు స్వచ్ఛంద సంస్థలు వస్తుంటాయి. బడి మానేసిన పిల్లల కోసం ఒకటి, పొదుపు సంఘాల కోసం ఒకటి, భూమి కాగితాల కోసం ఇంకొకటి. ఊళ్లు తిరిగే కార్యకర్త మనోడే. చాపలు పరిచేది, జనాన్ని పోగేసేది, ఫొటోలో ముందు వరసలో కూచునేది మనమే. మరి ఆ సంస్థకు డైరెక్టరెవరు? కార్యవర్గంలో ఎవరున్నారు? ఎవరికెంత జీతమియ్యాలో, ఏ ఊరు వదిలెయ్యాలో, ఎవర్ని తీసెయ్యాలో తేల్చేది ఎవరు? అక్కడ మన పేర్లు వెతుక్కోవాలి. ఉంటే ఒక్కటి ఉంటది, లెటర్ ప్యాడ్ మీద అచ్చేసుకోటానికి.

ఈ పేచీ ఇవాళ్టిది కాదు. 1932లో పూనా ఒడంబడిక తర్వాత గాంధీగారి పూనికతో అస్పృశ్యతా నివారణ సంఘం పెట్టారు. అదే హరిజన సేవక్ సంఘ్ అయింది. అధ్యక్షుడు ఘనశ్యామ్ దాస్ బిర్లా, కార్యదర్శి ఠక్కర్. బాబాసాహెబ్‌ను కేంద్ర బోర్డులో వేసుకున్నారు. ఆయన ఆ నవంబరులో లండన్ పోతూ ఓడలోంచే ఠక్కర్‌కు పెద్ద ఉత్తరం రాశారు. ఊరిబావి దగ్గర, బడిలో, పనిలో హక్కుల కోసం నిలబడమన్నారు. పనిచేసేవాళ్లను ఎక్కువగా అంటరానివాళ్లలోంచే తీసుకోమన్నారు. జవాబే రాలేదని తర్వాత ఆయనే రాశారు. బోర్డులోంచి బయటికొచ్చారు. నడిపేచోట మావాళ్లు ఉండాలని అడిగితే గాంధీగారు చెప్పిందేంటి? ఇది సవర్ణులు చేసుకునే ప్రాయశ్చిత్తం, బాకీపడింది వాళ్లు, కాబట్టి నడిపేదీ వాళ్లేనని. బాకీ రావాల్సినోడు లెక్క అడగకూడదంట!

దానికి పదిహేనేళ్ల ముందు, 1917లో, మన బెజవాడలో ఇంకోటి జరిగింది. పంచమ సభ అని పిలిచారు. కూడగట్టినవాళ్లలో సవర్ణ సంస్కర్తలూ ఉన్నారు. అధ్యక్షుడిగా మాత్రం భాగ్యరెడ్డి వర్మను కూచోబెట్టారు. హైదరాబాదులో 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టినవాడాయన. పంచములేంటి, మేం ఈ నేల తొలి మనుషులం అన్నాడు. పిలిచిన పేరు పక్కకుపోయి అది ఆది ఆంధ్ర సభ అయింది. పంచములుగా వచ్చినోళ్లు ఆది ఆంధ్రులుగా ఇళ్లకెళ్లారు. కుర్చీ చేసే పని అదీ.

పైవాళ్లెవరూ వద్దని నేననటం లేదు. 1924లో బాబాసాహెబ్ పెట్టిన బహిష్కృత హితకారిణి సభకు అధ్యక్షుడు సర్ చిమన్‌లాల్ సెతల్వాడ్. కానీ పని నడిపే కమిటీకి పెద్ద బాబాసాహెబే. పేరెక్కడుంది, పగ్గమెక్కడుంది అని చూడాలి.

ఇవాళ అడిగితే 'మీలో అర్హులు దొరకటం లేదండీ' అంటారు. ఎక్కడ వెతికారు? ప్రకటన ఇంగ్లీషులో. ఇంటర్వ్యూ నగరంలో. ఇంగ్లీషు ధారాళంగా రావాలి, పెద్ద హోదాలో పదిహేనేళ్ల అనుభవం కావాలి. మనోడు అదే సంస్థలో ఇరవయ్యేళ్లు ఊళ్లు తిరిగుంటాడు. పైమెట్టు ఎక్కనియ్యరు, ఎక్కిన అనుభవం లేదంటారు. కార్యవర్గానికైతే ఆ ప్రకటన కూడా ఉండదు. డైరెక్టరుగారి స్నేహితుడు, రిటైరైన ఆఫీసరు, ఆడిటరు. 2013 కంపెనీల చట్టంతో పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాల్సొచ్చింది. ఆ డబ్బు తెచ్చిపెట్టే వాళ్లకూ ఒక కుర్చీ. సరే, లెక్కలు తెలిసినోళ్లూ కావాలి. వాడ తెలిసినోళ్లు అక్కర్లేదా?

మా పక్క మండలంలో ఒక అక్కను ఒక సంస్థ కార్యవర్గంలో వేసుకుంది. కూలికిపోయే మనిషి. రెండేళ్లు తీర్మానాల పుస్తకంలో సంతకాలు చేయించుకున్నారు. అంతా ఇంగ్లీషు. మూడో ఏడు 'ఈ ఖర్చేంది సారూ' అనడిగింది. ఆ తర్వాత మీటింగుకు కబురే రాలేదు. రేపు లెక్కల్లో తేడా వస్తే మాత్రం సంతకం ఆమెదే!

అందుకని ఒక్క కుర్చీ ఇస్తే మురిసిపోవద్దు. ఒక్కళ్లే ఉంటే నోరు లేవదు. సగంమంది మనోళ్లు కావాలి, మాలా మాదిగా ఇద్దరూ, ఆడవాళ్లు తప్పకుండా. ఖాళీ పడితే తెలుగులో ప్రకటన రాసి వాడలో అంటించాలి. డైరెక్టరును ఎంచేచోట మనోళ్లు కూచోవాలి. మీటింగుకొచ్చే అక్కకు ఆ రోజు కూలి, బస్సు ఖర్చు సంస్థే ఇవ్వాలి. అది దానం కాదు. తీర్మానాలు తెలుగులో రాయాలి, చదివి వినిపించాకే సంతకం. మిమ్మల్ని పిలిస్తే ముందు బైలా అడగండి. పదవి ఎన్నేళ్లు, చెక్కు మీద సంతకం ఎవరిది, డైరెక్టరును తీసే అధికారం కమిటీకి ఉందా? నీళ్లు నమిలితే మీకే అర్థమవుతది.

మనలోంచి పోయినోడు అక్కడ దొరైపోతే? అవుతాడు, చూశాం గదా. వాణ్ణీ ఇదే బైలాతో పట్టుకోవాలి.

సొసైటీ రిజిస్టరు కావాలంటే 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురుండాలి. కమిటీ జాబితా ఏటా రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలు చెయ్యాలి. మీ మండలంలో పనిచేసే సంస్థలు ఎన్నో రాసుకోండి. ఒక్కోదాన్నీ పోయి ఆ జాబితా అడగండి. వచ్చే తరగతికి పట్టుకొస్తే కూచుని పేరు పేరునా చదువుదాం. జై భీమ్.