తెర కూడా ఒక తలుపే

బయటపడినదానినీ దాగినదానినీ ఎరిగిన అల్లాహ్‌కే సమస్త స్తుతులు చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక. అమ్మా బాద్.



ఈ జుమా నాడు మనం తలపెట్టిన విషయం మింబరు మీద నుంచి చెప్పడానికి నోరు రాని విషయం. అయితే మనం నోరు మెదపకపోవడం వల్లనే అది ఇళ్ళలో పెరుగుతున్నది. ముక్కూ ముఖమూ తెలియని వారితో రాత్రివేళ ఫోను కెమెరా ముందు కూర్చుని మాట్లాడే అలవాటును గురించి, ఆ అలవాటు కొందరిని పడవేస్తున్న గోతిని గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందుగా ఒక మాట. కెమెరా తనంతట తాను పాపం కాదు. 1991లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధకులు, కాఫీ కూజాలో కాఫీ ఉన్నదో లేదో తమ గదులలో నుంచే చూసుకోవడానికి ఒక కెమెరాను అమర్చుకున్నారు. వెబ్‌క్యామ్ చరిత్ర అక్కడ మొదలయింది. నేడు గల్ఫ్‌లో కూలి చేసుకుంటున్న తండ్రి, తాను ఇంకా ఎత్తుకోని బిడ్డ ముఖాన్ని ఆ అద్దంలోనే చూసుకుంటున్నాడు. మంచం పట్టిన నానమ్మ బెంగుళూరులో ఉన్న మనుమడికి దుఆ ఇస్తున్నది. ఇవన్నీ అల్లాహ్ అనుగ్రహాలే. వీటిని నిషేధించే అధికారం మనకు లేదు.

అయితే ఈ అనుగ్రహానికి ఒక మర్యాద ఉన్నది. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి తీసుకోకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించరాదని సూరె నూర్ 27వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు. ఆ వెనువెంటనే 30, 31 ఆయతులలో పురుషులకూ స్త్రీలకూ చూపులు వాల్చుకోవలసిందిగా ఆజ్ఞ వచ్చింది. తలుపు మర్యాదనూ చూపు మర్యాదనూ ఒకదాని ప్రక్కన మరొకటి ఎందుకు ఉంచారు? హజ్రత్ సహ్ల్ బిన్ సాద్ (రజి) ఉల్లేఖించగా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదైన సంఘటన దీనికి సమాధానం చెబుతున్నది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) ఇంటి తలుపు రంధ్రంలో నుంచి లోపలికి తొంగి చూశాడు. అప్పుడు ఆయన చేతిలో దువ్వెన వంటి ఒక ఇనుప పనిముట్టు ఉన్నది. నీవు చూస్తున్నావని తెలిసి ఉంటే దీనితో నీ కంట పొడిచేవాడినని ఆయన హెచ్చరించారు. అనుమతి అడగాలన్న నియమం పెట్టబడినదే చూపు కోసమని వివరించారు. అంటే అడుగు గడప దాటకపోయినా, కన్ను దాటితే మనిషి లోపలికి వెళ్ళినట్లే. ఈ లెక్కన మన చేతిలోని తెర కూడా ఒక తలుపే.

ఇప్పుడు అపరిచితులను జతపరచే యాప్‌ల సంగతి చూద్దాం. మీట నొక్కగానే ఎవరో ఒకరి ముఖం ప్రత్యక్షమవుతుంది. నచ్చకపోతే మళ్ళీ నొక్కుతారు, మరొకరు వస్తారు. ఆ వచ్చేవారు ఏ స్థితిలో ఉంటారో ఎవరికీ తెలియదు. దారిలో అనుకోకుండా పడిన మొదటి చూపుకు మన్నింపు ఉన్నదని, రెండవ చూపుకు లేదని హదీసు తెలుపుతున్నది. కానీ ఆ తలుపు దగ్గరకు తానే వెళ్ళి, తానే కూర్చుని, ఏమి కనబడుతుందోనని ఎదురుచూచేవాడు "అనుకోకుండా చూశాను" అని అల్లాహ్‌కు ఎలా చెప్పుకోగలడు? సూరె బనీ ఇస్రాయీల్‌లో వ్యభిచారం చేయవద్దని మాత్రమే కాదు, దాని దరిదాపులకు కూడా పోవద్దని ఆజ్ఞ ఉన్నది. దరిదాపులు అంటే ఏమిటో మన తాతలకంటే మన పిల్లలకే బాగా తెలుసు.

ఒమెగిల్ అనే వేదికను 2009లో అమెరికాలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడొకడు సరదాగా ప్రారంభించాడు. లోకమంతా దానిలో కూర్చున్నది. పదకొండేళ్ళ వయసులో అక్కడ ఒక దుర్మార్గుడితో జతపరచబడి, అతని చేతిలో ఏళ్ళ తరబడి హింస అనుభవించిన ఒక బాలిక, పెరిగి పెద్దదై న్యాయస్థానానికి వెళ్ళింది. 2023 నవంబరులో ఆ వేదిక మూతబడింది. ఇప్పుడు అటువంటివే మరికొన్ని మన పిల్లల ఫోనులలో ఉన్నాయి.

మన వినుకొండలోను, చుట్టుప్రక్కల ఈపూరు, నూజెండ్ల, బొల్లాపల్లి, శావల్యాపురం మండలాలలోను స్మార్ట్‌ఫోను లేని ఇల్లు వెదికినా దొరకడం కష్టం. కనుక గోతిని గురించి వివరంగానే చెప్పుకుందాం. తెలియని స్త్రీ పేరుతో పరిచయం వస్తుంది. రెండు రోజులు తీయని మాటలు. ఒక రాత్రి వీడియో కాల్. తెరపై ఒక స్త్రీ వివస్త్రగా కనబడుతుంది, ఇతనిని కూడా అలాగే చేయమంటుంది. నిజానికి ఆ స్త్రీ చాలాసార్లు అక్కడ లేనే లేదు. అది ఎవరిదో పాత వీడియో. ఆమెకు తెలియకుండా ఆమె గౌరవాన్ని కూడా ఎరగా వేస్తున్నారు. అవతల ఉన్నది ఒక ముఠా, వారికి కావలసింది ఇతని ముఖం. అది రికార్డు కాగానే బెదిరింపు మొదలవుతుంది: డబ్బు పంపు, లేకపోతే నీ బంధువులందరికీ పంపుతాము. వారి పేర్ల జాబితా కూడా చూపుతారు. కొంత పంపితే మరికొంత అడుగుతారు. మరునాడు మరొకడు పోలీసు అధికారినంటూ, సీబీఐ అధికారినంటూ ఫోను చేసి కేసు మాఫీకి మళ్ళీ డబ్బు అడుగుతాడు. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం అనేది ఈ దేశ చట్టంలో ఎక్కడా లేదు.

ఇందులో పడేవారు కుర్రవాళ్ళే అనుకోవద్దు. పెళ్ళయి పిల్లలున్నవారూ ఉన్నారు. ఈ బెదిరింపులకు తాళలేక ప్రాణం తీసుకున్నవారి వార్తలు మనం పత్రికలలో చదివాము. అసలు బాధ ఇక్కడే ఉన్నది, సోదరులారా. ఆ ముఠా ఎక్కడో దూరాన కూర్చుని ఉన్నది. దాని చేతికి ఆయుధం అందిస్తున్నది మాత్రం మనమే. అబ్బాకు తెలిస్తే చంపుతాడు, జమాఅత్‌లో తెలిస్తే తల ఎత్తుకోలేను అనే ఆ భయమే వారి ఆయుధం.

మన ప్రవక్త (స) దగ్గరకు ఒక యువకుడు వచ్చి, వ్యభిచారానికి తనకు అనుమతి ఇవ్వమని అడిగాడు. హజ్రత్ అబూ ఉమామా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన ముస్నద్ అహ్మద్‌లో ఉన్నది. ప్రజలు అతనిని గద్దించారు. దైవప్రవక్త (స) అతనిని దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో ఇది నీకు ఇష్టమేనా, నీ కూతురి విషయంలో, నీ చెల్లెలి విషయంలో, మేనత్త విషయంలో, పిన్ని విషయంలో అని ఒక్కొక్కటే అడిగారు. ఆ తరువాత అతనిపై చేయి ఉంచి, అతని పాపం మన్నించమని, హృదయాన్ని శుభ్రపరచమని, శీలాన్ని కాపాడమని దుఆ చేశారు. ఆ యువకుడు మళ్ళీ దాని వైపు కన్నెత్తి చూడలేదు. అంత ఘోరమైన కోరికను నోరు తెరచి అడిగినవాడు కూడా ఆ సన్నిధిలో చేయి చాచి దగ్గరకు తీసుకోబడ్డాడు. మన ఇంట్లో ఆ పిల్లవాడికి దొరికేది ఏమిటి? చెంపదెబ్బ. అందుకే వాడు మనకు చెప్పడు.

పాపం చేసినవాడు దానిని చాటుకోరాదు. అల్లాహ్ రాత్రి కప్పిన తెరను తెల్లవారి తానే చించుకునేవారికి మన్నింపు లేదని హదీసు హెచ్చరిస్తున్నది. అయితే బెదిరింపునకు గురైనవాడు నమ్మకమైన ఒకరికి చెప్పుకోవడం చాటుకోవడం కాదు, సహాయం కోరడం. సాటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాన్ని అల్లాహ్ ప్రళయదినాన కప్పుతాడన్న శుభవార్త ఆ వినేవానిది. ఇక ఎవరి వీడియో అయినా మన వాట్సాప్‌కు వస్తే? దానిని మరొకరికి పంపినవాడు ఆ ముఠాకు జీతం లేని పనివాడు. విశ్వాసులలో అశ్లీలం వ్యాపించాలని కోరేవారికి ఇహలోకంలోను, పరలోకంలోను శిక్ష ఉన్నదని సూరె నూర్ 19వ ఆయతు చెబుతున్నది. అలా పంపడం ఐటీ చట్టం 67ఎ క్రింద కూడా నేరమే.

బాధితురాలు ఆడపిల్ల అయినప్పుడు మనం మరింత అన్యాయంగా ప్రవర్తిస్తాము. మొదట ఫోను లాక్కుంటాము, తరువాత కాలేజీ మాన్పిస్తాము, ఆ తరువాత తొందరపడి ఎవరికో కట్టబెడతాము. బెదిరించినవాడు హాయిగా తిరుగుతుంటాడు. ఇది ఏ షరీఅత్‌లోనిదో మనం ఆలోచించుకోవాలి.

కనుక ఆ ఆపదలో ఉన్నవారు ఈ మాటలు గుర్తుంచుకోండి. రూపాయి కూడా పంపకండి. సంభాషణలు చెరిపివేయకండి. ఆ నంబరును, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీని ఫొటో తీసి ఉంచుకోండి. వెంటనే 1930కి ఫోను చేయండి. డబ్బు పోయి ఉంటే ఎంత త్వరగా చెబితే దానిని ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు, మన ఊరి పోలీసు స్టేషనుకూ వెళ్ళవచ్చు. బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షను క్రింద ఏడేళ్ళ వరకు జైలుశిక్ష పడగల నేరం. పిల్లలకయితే 1098 ఉన్నది. అన్నింటికన్నా ముందు రెండు రకాతులు చదివి అల్లాహ్ ముందు ఏడవండి. తౌబా తలుపు తెరచే ఉన్నది. ప్రాణం తీసుకోవడం మాత్రం హరాం. పోయే పరువు కంటే మీ ప్రాణం అల్లాహ్ దృష్టిలో విలువైనది.

తల్లిదండ్రులారా, రాత్రి పది దాటాక ఇంట్లోని ఫోనులన్నీ ముందుగదిలో చార్జింగుకు పెట్టే పద్ధతి ఈ వారమే మొదలుపెట్టండి. మీ ఫోను కూడా అక్కడే ఉండాలి. లేకపోతే ఆ మాటకు బరువు ఉండదు.

మన ఊరి పేరుకు "విన్న కొండ" అని అర్థం చెప్పడం ఈ ప్రాంతంలో వాడుక. ఆ మాట చెవిన పడినప్పుడల్లా, గది తలుపు వేసుకుని చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా వినే అస్సమీ, దీపం ఆర్పినా చూసే అల్‌బసీర్ మనకు గుర్తుకు రావాలి.

నమాజ్ తరువాత ఈ విషయమై ఏకాంతంగా మాట్లాడదలచిన వారి కోసం మేము మస్జిద్‌లోనే కూర్చుని ఉంటాము. వచ్చినవారి పేరు ఈ గోడలు దాటదు. ఎవరూ రాకపోతే వచ్చే శుక్రవారం కూడా కూర్చుంటాము.

ఓ అల్లాహ్! మా కళ్ళను కాపాడు. మా లోపాలను కప్పు. ఈ రాత్రి భయంతో నిద్ర పట్టని మా బిడ్డలకు, నోరు విప్పి చెప్పుకునే ధైర్యాన్ని ప్రసాదించు. వారి మాట వినే ఓర్పును మాకు ప్రసాదించు. ఆమీన్.